లవం కేజీహెచ్‌లో, హారం ఊళ్లో: విశాఖ ఆరోగ్య లెక్కలు ఎందుకు తేలవు

పలాస దగ్గర పల్లెలో జీడితోట పనికి వెళ్లే ఒక మనిషికి కిడ్నీలు పాడయ్యాయనుకుందాం. కాళ్లు నీరు పట్టి, ఆయాసం వచ్చి, ముందు శ్రీకాకుళం తీసుకెళ్తారు. ‘ఇక్కడ కాదు, విశాఖ తీసుకెళ్లండి’ అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) తెస్తారు. నాలుగో రోజు పోతాడు. శవం ఊరికి వెళ్తుంది, మరణం మాత్రం విశాఖ ఖాతాలో ఉండిపోతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకైనా చావైనా ఎక్కడ జరిగితే అక్కడే, 21 రోజుల్లోగా నమోదు చేయించాలి.

ఏడాది చివర ఎవరో ఒకరు నగరంలో నమోదైన మరణాలను నగర జనాభాతో భాగించి, వచ్చిన అంకెకు ‘విశాఖ మరణాల రేటు’ అని పేరు పెడతారు. బళ్లో నేర్చుకున్న భిన్నమే ఇది, పైన లవం, కింద హారం. చిక్కల్లా ఏమిటంటే పైనున్నవాళ్లు కిందివాళ్లలోంచి వచ్చినవాళ్లు కారు. లవంలో శ్రీకాకుళం, విజయనగరం, మన్యం నుంచి, సరిహద్దు అవతల ఒడిశా నుంచి అంబులెన్స్ ఎక్కి వచ్చినవాళ్లు కలిసిపోయి ఉంటారు. హారంలో గాజువాక, మధురవాడ, పెందుర్తి జనం ఉంటారు. భాగహారంలో తప్పు లేకపోయినా జవాబు తప్పే. అదే పొరపాటు పలాస వైపు తిరగబడి కనిపిస్తుంది. అక్కడి చావులు కొన్ని బయటికి వెళ్లిపోయాయి కాబట్టి రోగం ముదిరిన మండలమే కాగితం మీద ఆరోగ్యంగా ఉంటుంది.

కాన్పుల దగ్గర మన ఆచారం ఇంకో ముడి వేస్తుంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. గాజువాకలో కాపురముండే అమ్మాయి ఏడో నెలలో బొబ్బిలి వెళ్లి అక్కడే కంటుంది. బిడ్డకు టీకాలు రెండు అక్కడ, మిగతావి ఇక్కడ. గర్భిణిగా పేరు నమోదైంది ఇక్కడ, ప్రసవం నమోదైంది అక్కడ. ఇక్కడి ఆశా కార్యకర్త పుస్తకంలో ఆమె ‘ఫాలోఅప్ లేని కేసు’. అక్కడి ఏఎన్ఎం (ఊరి నర్సు) లెక్కలో అంచనాకు మించిన కాన్పు. కొన్నిచోట్ల టీకాల శాతం నూరు దాటడం చూసి జనం నవ్వుకుంటారు కానీ, ఎవరూ అబద్ధం రాయకపోయినా అలా వస్తుంది. టీకా వేయించుకున్న పిల్లలు నిజం. ఎంతమంది పిల్లలు ఉండాలన్న అంచనాయే పాతది.

జనాభా గణాంకాలు, ప్రజారోగ్యం కలిసే చోట పనిచేసే పరిశోధకులు చేసేది ఎక్కువభాగం ఈ మరమ్మతే. కేంద్ర ఆరోగ్య శాఖ నిధులతో నడిచే 18 జనాభా పరిశోధన కేంద్రాల్లో ఒకటి విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఇలాంటి చోట్ల పరిశోధన అంటే కొత్త సూత్రాలు కనిపెట్టడమని బయటివాళ్లు అనుకుంటారు. రోజువారీ పని మాత్రం ఈ మనిషి ఎవరి లెక్కలో ఉండాలి, ఎవరి లెక్కలో ఉన్నాడు అని వెతకడం. మరణ నివేదిక ఫారంలో చనిపోయిన మనిషి మామూలుగా ఎక్కడ ఉండేవాడో రాసే గడి ఉంటుంది. దాని ఆధారంగా మరణాలను వాటి సొంత ఊళ్లకు తిప్పి పంపవచ్చు. కానీ సర్టిఫికెట్ తెచ్చుకోవడం తేలికని బంధువులు నగరంలోని తమ చిరునామా రాయించారంటే ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక హారం. చివరి జనాభా లెక్కలు 2011 ఫిబ్రవరిలో జరిగాయి. మార్చి 1వ తేదీ, రాత్రి పన్నెండు గంటల వేళను ప్రమాణంగా తీసుకున్నారు. 2021లో జరగాల్సినవి జరగలేదు. తర్వాతి లెక్కలకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. అంటే పదహారేళ్ల పాటు ప్రతి రేటుకూ కింద ఉన్నది ఒక అంచనా. పైగా ఈ మధ్యలో విశాఖ అనే మాటకు అర్థమే మారిపోతూ వచ్చింది. 2001లో పది లక్షలకు లోపున్న నగరం 2011లో 17.28 లక్షలైంది. అందులో ఎదుగుదల ఎంత, 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలిపేసుకోవడం ఎంత? తర్వాత భీమిలి, అనకాపల్లి కలిశాయి, అదే 2011 లెక్కల ప్రకారం నగర జనాభా 20 లక్షలు దాటింది. ఒక్క బిడ్డా పుట్టకుండా మూడు లక్షలు పెరిగారన్నమాట.

జిల్లా సంగతి దీనికి తలకిందులు. 2011లో 42.9 లక్షల మంది ఉన్న విశాఖ జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయాక 19.6 లక్షలకు తగ్గింది. పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. దాంతో మలేరియా, రక్తహీనత, ఇంటి దగ్గర కాన్పులు, డోలీ మోతలు విశాఖ జిల్లా సగటులోంచి ఒక్కరోజులో మాయమయ్యాయి. 2019లో ఇక్కడ క్షేత్రస్థాయిలో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘విశాఖపట్నం’ అంటే ఆ పాత జిల్లా. దాన్ని తీసుకెళ్లి ఇప్పటి జిల్లా అంకెల పక్కన పెట్టి ‘గణనీయమైన మెరుగుదల’ అని రాస్తే, మెరుగైంది ఆరోగ్యం కాదు, పటం.

మనుషుల్ని నేరుగా లెక్కపెట్టే వీల్లేనప్పుడు ఏం చేయాలో చెప్పే కథ ఒకటి విశాఖలో చదువుకున్న మనిషి ద్వారానే ప్రపంచానికి బాగా తెలిసింది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లారు. ఆయన చెప్పిన కథ ఇది. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో వేలమంది తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే కాంట్రాక్టర్లు ప్రభుత్వానికి బిల్లులు పంపుతున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు, లోపలికెళ్లి లెక్కపెట్టడమూ కుదరదు. గణాంక నిపుణులు బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు పరిమాణాలు తీసుకుని, ఒక మనిషి సగటున తినే మోతాదుతో భాగించారు. బియ్యం ప్రకారం ఎక్కువమంది, ఉప్పు ప్రకారం బాగా తక్కువమంది తేలారు. ఉప్పు చవక, దాన్ని పెంచి రాసినా మిగిలేదేమీ లేదు. కాబట్టి ఉప్పు అంకెనే నమ్మారు.

ప్రజారోగ్య లెక్క ఏది చేతికొచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని ఈ వ్యాసం వాదన. ఇది బియ్యం లెక్కా, ఉప్పు లెక్కా? ఈ అంకె పెరిగితే గానీ తగ్గితే గానీ ఎవరికైనా లాభం ఉందా? లక్ష్యం పెట్టి అడిగిన టీకాల సంఖ్య బియ్యం. పథకం కోసం కాగితం మీద రెండుగా చీలిన కుటుంబాల సంఖ్య బియ్యం. సమీక్షలో అక్షింతలు పడతాయన్న టెన్షన్‌తో తగ్గించి రాసే తల్లుల మరణాలు కూడా, తిరగేసిన బియ్యమే.

ఉప్పు లెక్క కోసం మన దేశంలో జరిగిన గట్టి ప్రయత్నం నమూనా నమోదు విధానం, ఎస్ఆర్ఎస్. 1964-65లో ప్రయోగంగా మొదలై 1969-70 నాటికి దేశమంతా విస్తరించింది. ఎంపిక చేసిన ఊళ్లలో, పట్టణ బ్లాకుల్లో స్థానికంగా ఒకరు పుట్టుకలు, చావులు ఎప్పటికప్పుడు రాస్తూ ఉంటారు. ఆరు నెలలకోసారి ఇంకొకరు వచ్చి, ఆ పుస్తకం చూడకుండా, ఇంటింటికీ తిరిగి మళ్లీ అడుగుతారు. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి సరిపోల్చి, సరిపోలనివాటిని ఊళ్లోకి వెళ్లి తేల్చుకుంటారు. ఇక్కడ మనిషి మామూలుగా ఉండే ఇల్లే లెక్క కాబట్టి, బొబ్బిలిలో కన్న గాజువాక అమ్మాయి బిడ్డ గాజువాకలోనే తేలుతుంది, కేజీహెచ్‌లో పోయిన పలాస మనిషి పలాసలోనే.

రెండు జాబితాలు ఎందుకన్నదాని వెనక గణితం ఉంది. సి. చంద్రశేఖరన్, ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో ప్రచురించిన పత్రం అది. డెమింగ్ అంటే తర్వాత జపాన్ ఫ్యాక్టరీలకు నాణ్యత పాఠాలు చెప్పినాయనే. వాళ్లు పరీక్షించి చూసింది కలకత్తా దగ్గరి సింగూర్ ప్రాంతంలో, ఆరు దశాబ్దాల తర్వాత కారు ఫ్యాక్టరీ గొడవతో దేశమంతా పేరు విన్న ఊళ్లోనే. లెక్క తేలికే. మొదటి మనిషి 80 మరణాలు, రెండో మనిషి 75 రాశారనుకుందాం. ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నవి 60. రెండో మనిషి పట్టుకున్న 75లో మొదటివాడి దగ్గర 60 ఉన్నాయంటే, మొదటివాడు నూటికి 80 పట్టగలడన్నమాట. అతను రాసినవి 80 కాబట్టి అసలు మరణాలు 100. ఇద్దరూ కలిసి చూసినవి 95. మిగిలిన 5 ఎవరి కంటా పడలేదు. కనిపించనివాటిని కనిపించినవాటితోనే లెక్కగట్టడం ఇందులోని అందం.

అయితే ఈ అందం ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరికొకరు సంబంధం లేకుండా పనిచేయాలి. రెండో మనిషి ఎండలో తిరగడమెందుకని మొదటి పుస్తకం అడిగి తీసుకుని చూసి రాసేశాడనుకోండి, అన్నీ సరిపోలుతాయి, సూత్రం ‘ఏమీ తప్పిపోలేదు’ అని చెబుతుంది. బద్ధకం ఎంత ఎక్కువైతే నమోదు అంత సంపూర్ణం! ఇంకో రకం సంబంధం కూడా ఉంది, దాంట్లో ఎవరి తప్పూ లేదు. కొన్ని మరణాలు ఇద్దరికీ అందవు. పుట్టిన రెండో రోజే, పేరైనా పెట్టకముందే పోయిన పసికందు గురించి తల్లి మొదటివాడికీ చెప్పదు, రెండోవాడికీ చెప్పదు. పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని కొండమీది ఊరికి వానాకాలంలో ఇద్దరూ వెళ్లరు. అందుకే జనాన్ని ఒకేరకంగా ఉండే చిన్న గుంపులుగా విడగొట్టి, విడివిడిగా లెక్కకట్టి కలపమని ఆ పత్రమే చెప్పింది. కొండనూ బీచ్‌రోడ్డునూ కలిపి ఒకే సూత్రంలో పోస్తే నష్టపోయేది కొండే.

వయసు అడగడం ఇంకో తలనొప్పి. ‘యాభై ఉంటాయేటో బాబూ’ అంటుంది ముసలమ్మ. జనాభా లెక్కల్లో 40, 45, 50, 60 దగ్గర జనం కుప్పపడతారు, 41, 49 దగ్గర పల్చబడతారు. ఈ కుప్పను కొలవడానికి విపుల్ సూచీ ఉంది. 23 నుంచి 62 ఏళ్లవాళ్లలో సున్నా, అయిదుతో ముగిసే వయసు చెప్పినవాళ్లను లెక్కపెడతారు. ఎవరూ గుండ్రం చేయకపోతే సూచీ 100, అందరూ చేస్తే 500. వయసు తప్పితే ఏం పోయిందంటారా? ఏ వయసువాళ్లు ఏ జబ్బుతో పోతున్నారన్న లెక్కంతా దాని మీదే ఉంది. అనుభవమున్న సర్వేవాళ్లు అంకె అడగరు, సంఘటన అడుగుతారు. ‘హుద్‌హుద్ వచ్చినప్పుడు పాపకు నడక వచ్చిందా?’ అంటే 2014 అక్టోబర్ 12కి అటూ ఇటూగా బిడ్డ వయసు తేలిపోతుంది. పాకిస్తాన్ యుద్ధమప్పటికి పెళ్లయిందా అని అడిగితే అమ్మమ్మ వయసు దొరుకుతుంది. తుపాన్లు ఇంతలా జ్ఞాపకం ఉండే తీరంలో ఈ పద్ధతి బాగా పారుతుంది.

మరణానికి కారణం మీద మనకున్న సమాచారం ఇంకా పలచన. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసిచ్చినవి నాలుగోవంతు కూడా లేవు. రాసినవాటిలోనూ ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని కనిపిస్తుంటుంది. అది చావు వర్ణనే కానీ కారణం కాదు, చావంటేనే అది కదా. ఇంటి దగ్గర పోయినవాళ్ల కోసం మాటల పోస్టుమార్టం అనదగ్గ పద్ధతి వాడతారు. శిక్షణ పొందిన మనిషి ఇంటికెళ్లి జ్వరం ఎన్నాళ్లుంది, ఒళ్లు ఉబ్బిందా, దగ్గులో రక్తం పడిందా అని వరసగా అడిగి రాసుకుంటాడు. ‘ఏటో బాబూ, ఊపిరందలేదు, పోనాడు’ అన్న మాటలోంచి జబ్బును పట్టాలి. ఆ కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం నిర్ణయిస్తారు, కుదరకపోతే మూడో డాక్టర్. ఎస్ఆర్ఎస్ ఊళ్లలోనే ప్రభాత్ ఝా బృందం చేసిన పదిలక్షల మరణాల అధ్యయనం ఇలాగే నడిచింది. 2005లో దేశంలో పాముకాటుతో సుమారు 46 వేలమంది చనిపోయారని అది తేల్చింది. ఆస్పత్రి లెక్కల్లో కనిపించేదానికి ఇది ఎన్నో రెట్లు. పాము కరిచిన రైతు ఆస్పత్రికి చేరేలోపే పోతే ఆస్పత్రి లెక్కకు అతను పుట్టనివాడితో సమానం.

ఆస్పత్రి కిటికీలోంచి ఊరిని చూస్తే ఎలా మోసపోతామో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కంటే దగ్గరి ఉదాహరణ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు కేసులు వరసకట్టినప్పుడు, వాళ్లలో చాలామంది చేరింది విశాఖకే. వార్డులో కనిపించేవాళ్లు ముదిరినవాళ్లు, ప్రయాణ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు, ఎవరో ఒకరు తోడొచ్చినవాళ్లు. రెండు జబ్బులున్న మనిషి ఆస్పత్రిలో చేరే అవకాశం ఎక్కువ కాబట్టి, బయట ఏ సంబంధమూ లేని రెండు జబ్బులు వార్డులో అన్నదమ్ముల్లా కనిపిస్తాయని గణాంక నిపుణుడు జోసెఫ్ బెర్క్‌సన్ 1946లోనే చూపించాడు. కాబట్టి ఊళ్లోకే వెళ్లాలి. ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, బాగున్నవాళ్లకూ రక్తపరీక్ష చేయాలి. అదీ ఒక్కసారి చాలదు. మే నెల మధ్యాహ్నం తోటలోంచి వచ్చిన కూలీకి ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే మూడు నెలలకు పైగా అలాగే ఉండాలి. ఒక్క శిబిరంలో ఒక్క పరీక్షతో తేల్చిన శాతాలు పత్రికల్లో భయపెట్టినంతగా నిజాన్ని చెప్పవు. ఇంత చేశాక కూడా ఉద్దానంలో చాలామందికి షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంకా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. దానివల్ల ఒక మేలు వెంటనే ఉంటుంది, లవం హారానికి కొంచెం దగ్గరికి వస్తుంది.

చిన్న అంకెల గురించి ఒక మాట. 2018-20లో ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 45 మంది తల్లులు చనిపోయారని ఎస్ఆర్ఎస్ అంచనా. ఏటా 30 వేల కాన్పులు జరిగే జిల్లాలో ఈ లెక్కన 13, 14 మరణాలు రావాలి. కానీ ఏ మార్పూ లేకపోయినా, కేవలం అదృష్టం కొద్దీ ఒక ఏడు 8 రావచ్చు, ఇంకో ఏడు 18 రావచ్చు. మర్నాడు పేపర్లో ‘తల్లుల మరణాలు రెట్టింపు’ అని శీర్షిక, కలెక్టరేట్‌లో సమీక్ష. తర్వాతి ఏడు దానంతటదే తగ్గుతుంది, తగ్గించిన ఘనత ఎవరో తీసుకుంటారు. జిల్లా స్థాయిలో ఈ రేటు చూసి ఉలిక్కిపడటం కన్నా, చనిపోయిన ఒక్కొక్క తల్లి దగ్గరా ఎక్కడ ఆలస్యమైందో విడిగా వెతకడమే ఉపయోగం. రక్తం దొరకలేదా, అంబులెన్స్ రాలేదా, మూడు ఆస్పత్రులు తిప్పారా?

వయసులు విడగొట్టని ముడి మరణాల రేటుతో ఇంకో తమాషా జరుగుతుంది. 2020లో వెయ్యి జననాలకు కేరళలో 6 మంది, బీహార్‌లో 27 మంది పసిబిడ్డలు ఏడాది నిండకముందే చనిపోయారు. అయినా మొత్తం జనాభాలో వెయ్యికి ఎంతమంది పోతున్నారన్న లెక్కలో బీహార్ కంటే కేరళదే పెద్ద అంకె. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, అంతే. ఆంధ్రా అదే దారిలో ఉంది. ఇక్కడ ఒక స్త్రీకి సగటు పిల్లలు 1.7 మందేనని 2019 సర్వే చెప్పింది, తరం నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే 1994 నాటి నిబంధనను 2024 నవంబర్‌లో రాష్ట్రం ఎత్తేసింది కూడా. రాబోయే ఏళ్లలో విశాఖ మరణాల రేటు పెరిగితే ఆస్పత్రులు చెడిపోయాయని కేకలు వేసేముందు వయసులవారీగా విడగొట్టి చూడాల్సి ఉంటుంది.

చివరిగా, ఇంకా ముగియని ఒక లెక్క. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ రోజు చావులు అందరికీ తెలుసు. స్టైరీన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా కేన్సర్ కలిగించేది’ అనే వర్గంలో పెట్టింది. అలాంటి హాని ఉంటే బయటపడటానికి ఏళ్లు పడుతుంది. అప్పుడు అడగాల్సింది ఎంతమందికి జబ్బొచ్చిందని మాత్రమే కాదు, ఎంతమందిలో వచ్చిందని. ఆ రాత్రి గాలి పీల్చినవాళ్లందరి పేర్లూ హారంగా కావాలి. ఊళ్లోవాళ్లకు మనిషికి 10 వేల రూపాయల చొప్పున పరిహారం ఇచ్చినప్పుడు తయారైన జాబితా ఒకటి ఉంటుంది. కానీ అది డబ్బు కోసం రాసిన జాబితా, అంటే బియ్యం. ఆ రాత్రి ఊళ్లో లేకపోయినా పేరు ఎక్కినవాళ్లు అందులో ఉండవచ్చు. ఆధార్‌లో ఇంకో ఊరి చిరునామా ఉన్న అద్దెవాళ్లు, లాక్‌డౌన్‌లో చుట్టాలింట్లో చిక్కుకుపోయినవాళ్లు లేకపోవచ్చు. అద్దెవాళ్లు ఇల్లు మారుతూనే ఉంటారు. వాళ్లలో ఒకరికి పదేళ్ల తర్వాత ఏ విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో జబ్బు బయటపడితే, అక్కడి డాక్టర్ కేసుషీటులో వెంకటాపురం అన్న మాట రాయడానికి గడి కూడా ఉండదు.